గోడ మీద స్క్రమ్: బొమ్మలు గీయించి టీమ్‌కి నేర్పడం ఎలా

శ్రీకాకుళంలో ఒక మేడ మీద గదిలో ఏడుగురి సాఫ్ట్‌వేర్ టీమ్‌కి స్క్రమ్ (పెద్ద పనిని చిన్న చిన్న విడతలుగా టీమంతా కలిసి చేసుకునే పద్ధతి) నేర్పడానికి మొదటిసారి వెళ్లినప్పుడు నా దగ్గర 64 స్లైడ్లున్నాయి. అన్నీ రంగురంగుల బాణాలు, గుండ్రాలు. మధ్యాహ్నం భోజనాలయ్యాక మొదలుపెట్టాను, అదొక తప్పు. ఇరవయ్యో స్లైడు దగ్గర కరెంటు పోయింది. నిజం చెప్పొద్దూ, అందరి మొహాల్లోనూ వెలుగొచ్చింది. ఉక్కపోతలో ఊరికే కూర్చోలేక, "సరేగానీ, మొదలుపెట్టి సగంలో ఉన్న పనులు మీ దగ్గర ఎన్నున్నాయి?" అని అడిగాను. ఒకరు నాలుగన్నారు, ఒకరు తొమ్మిదన్నారు. టెస్టింగ్ చూసే అమ్మాయి వేళ్లు మడిచి లెక్కపెడుతూ పదిహేడు దగ్గర ఆగింది. గోడకున్న పాత క్యాలెండర్ తీసి, వెనక తెల్లటి వైపు ఆ పదిహేడూ ఆ అమ్మాయి చేతే రాయించాను. ఆ కాగితం ముందు అరగంట గొడవ జరిగింది. ఆ గొడవలో వాళ్లకి తెలిసొచ్చిన సంగతులు నా స్లైడ్లలో ఎక్కడా లేవు.

అప్పట్నుంచీ స్లైడ్లు మానేశాను. నేను గీసిన బొమ్మ నాకు గుర్తుంటుంది, వాళ్లు గీసింది వాళ్లకి గుర్తుంటుంది. శ్రీకాకుళం, విజయనగరం వైపు చిన్న సాఫ్ట్‌వేర్ టీమ్‌లకీ, ఇంజనీరింగ్ చివరి సంవత్సరం ప్రాజెక్టు పిల్లలకీ ఇప్పుడు ఇలాగే చెబుతున్నాను. రోజున్నర పడుతుంది. తర్వాత రెండు వారాలు గోడే నేర్పుతుంది.

ముందు సామాన్లు

ఏ స్టేషనరీ షాపులోనైనా దొరికేవే. బ్రౌన్ షీట్లు ఆరు, గ్రాఫ్ కాగితాలు నాలుగు, లావు మార్కర్లు మనిషికొకటి, అంటించే చీటీల కట్టలు మూడు రంగుల్లో, ఒక థర్మోకోల్ షీటు, గుండుసూదులు, రెండు గుప్పెళ్ల చింతపిక్కలు. బాల్‌పెన్నులు మాత్రం దాచేయండి. వాటితో రాసింది నాలుగడుగుల అవతలికి కనబడదు. పైగా ఒక్క చీటీ మీద పురాణమంతా రాసేస్తారు. లావు మార్కర్‌తో ఏడెనిమిది మాటలకి మించి పట్టవు, మనకి అంతే కావాలి.

చీటీల దగ్గర నేనొక దెబ్బ తిన్నాను. ఒక చోట సున్నం వేసిన గోడకి అంటించి ఇళ్లకి వెళ్లిపోయాం. తేమకీ, రాత్రంతా తిరిగిన ఫ్యానుకీ తెల్లారేసరికి పదకొండు చీటీలు నేల మీదున్నాయి. తుడవడానికొచ్చిన ఆవిడ పాపం జాగ్రత్తగా ఏరి బల్ల మీద దొంతరగా పెట్టింది. ఏది ఏ గడిలోదో ఒక్కరికీ గుర్తులేదు. కట్టలోంచి చీటీని కింద నుంచి పైకి లాగితే వంకర తిరుగుతుంది, ఆ వంకరే దాన్ని ఊడదీస్తుంది. పక్క నుంచి లాగండి. సున్నం గోడైతే ముందు బ్రౌన్ షీటు కట్టి దాని మీద అంటించండి, లేదా థర్మోకోల్ మీద గుండుసూదితో గుచ్చండి. ప్రతి చీటీకి మూలన నంబరు వెయ్యండి. సాయంత్రం వెళ్లేముందు ఒక ఫోటో తీసి వాట్సాప్ గ్రూపులో పడేయండి.

ఏది రూలు, ఏది అలవాటు

నేర్పేవాడికి ఈ తేడా తెలియకపోతే మొదటి గంటలోనే దొరికిపోతాడు. కెన్ ష్వేబర్, జెఫ్ సదర్లాండ్ రాసిన స్క్రమ్ గైడ్ మొదట 2010లో వచ్చింది. ఇప్పుడు మనం చదువుతున్నది 2020 నవంబరులో సవరించింది. అందులో మూడు బాధ్యతలుంటాయి: ప్రొడక్ట్ ఓనర్ (ఏ పని ముందో తేల్చేవారు), స్క్రమ్ మాస్టర్ (అడ్డంకులు తీసేవారు), డెవలపర్లు (పని చేసేవాళ్లు). మూడు వస్తువులుంటాయి: ప్రొడక్ట్ బ్యాక్‌లాగ్ (చెయ్యాల్సిన పనులన్నిటి జాబితా), స్ప్రింట్ బ్యాక్‌లాగ్ (ఈ విడతకి ఎంచుకున్న పనులు), ఇంక్రిమెంట్ (పూర్తయిన సరుకు). స్ప్రింటు (గడువు పెట్టుకున్న ఒక విడత పని), దాని లోపల జరిగే ప్లానింగ్, డైలీ స్క్రమ్ (రోజూ కాసేపు కలిసి మాట్లాడుకోవడం), రివ్యూ (చేసింది చూపించడం), రెట్రోస్పెక్టివ్ (ఎలా చేశామో వెనక్కి చూసుకోవడం, పొట్టిగా రెట్రో) కలిపి ఐదు కార్యక్రమాలు. రూళ్లు దాదాపు అంతే. గోడ మీద చీటీల బోర్డు పెట్టాలని గానీ, పని సైజుకి పాయింట్లు వెయ్యాలని గానీ, పొద్దున్నే నిలబడి మాట్లాడాలని గానీ అందులో లేదు. బోర్డు అసలు ఇంకో ఇంటి నుంచి తెచ్చుకున్న సామాను. అమెరికా సూపర్ మార్కెట్లో అరలో సరుకు తగ్గినకొద్దీ నింపే పద్ధతి విని, దాన్ని టొయోటా కార్ఖానాలో తయిచి ఓనో కాన్‌బాన్ కార్డులుగా అమలు చేశారు. ఆ కార్డులకి దూరపు చుట్టాలే మన చీటీలు.

1. ముందు వాళ్లకి తెలిసిన పనిని గీయించండి

మొదటి గంటలో స్క్రమ్ అనే మాట ఎత్తకండి. ఇద్దరిద్దరికి ఒక బ్రౌన్ షీటు ఇచ్చి, ఇంట్లోనో ఊళ్లోనో కళ్లారా చూసిన పనిని మొదలు నుంచి చివరిదాకా గీయమనండి. ఒకబ్బాయి వాళ్లమ్మ పలాసలో జీడిపప్పు పనికి వెళ్లేదట. వాడు గీసిన బొమ్మని ఇప్పటికీ అందరికీ వర్ణించి చెబుతుంటాను. ఎడమ చివర జీడిపిక్కల బస్తాలు. తర్వాత ఉడకబెట్టడం, గింజ కొట్టడం, ఆరబెట్టడం, పొట్టు తీయడం, గ్రేడింగ్, ప్యాకింగ్. పొట్టు తీసే ఆడవాళ్ల ముందు మాత్రం పెద్ద కుప్ప గీశాడు. ఎందుకురా అంటే, "అక్కడే ఆగిపోద్ది సార్, కొట్టడం బేగి అయిపోద్ది, పొట్టు బేగి రాదు" అన్నాడు.

అంతే, పాఠం సగం అయిపోయింది. పని ఏ చేతి నుంచి ఏ చేతికి వెళ్తుంది, ఎక్కడ పేరుకుంటుంది అన్న రెండు ప్రశ్నలకి ఆ బొమ్మలో జవాబుంది. వెంటనే రెండో షీటు ఇచ్చి వాళ్ల సాఫ్ట్‌వేర్ పనిని కూడా అలాగే గీయమనండి, కుప్పలతో సహా. మన టీమ్‌లలో కుప్ప చాలావరకు టెస్టింగ్ ముందే ఉంటుంది. అక్కడ కుప్ప గీసేది కూడా ఎప్పుడూ టెస్టింగ్ చేసేవాళ్లే. మిగతావాళ్లకి అది కనబడదు.

2. చింతపిక్కల ఆట

నాణేలతో ఆడే పాత ఆట ఇది. అష్టాచెమ్మాకి ఒకవైపు అరగదీసిన చింతపిక్కలుంటే ఇంకా బాగుంటుంది, నలుపు తెలుపు తేడా దూరానికి కూడా తెలుస్తుంది. నలుగుర్ని వరసగా కూర్చోబెట్టి మొదటివాడికి 20 పిక్కలివ్వండి. ఎడం చేత్తో ఒక్కొక్కటీ తిరగెయ్యాలి. మొదటిసారి ఇరవైకి ఇరవై తిప్పాకే పక్కవాడికి తొయ్యాలి. రెండోసారి ఐదేసి, మూడోసారి ఒక్కొక్కటీ. అయిదో మనిషి ఫోన్లో టైము చూస్తూ రెండు అంకెలు గోడ మీద రాయాలి: చివరివాడి చేతిలోంచి మొదటి వాయి బయటపడింది ఎప్పుడు, మొత్తం అయిపోయింది ఎప్పుడు.

పిక్కకి ఒక సెకను అనుకుంటే లెక్క ఇలా తేలుతుంది. ఇరవై ఒకేసారి ఇస్తే మొదటిది బయటికొచ్చేసరికే 80 సెకన్లు, మొత్తం అయ్యేదీ అప్పుడే. ఐదేసి అయితే మొదటి వాయి 20 సెకన్లకి, మొత్తం 35కి. ఒక్కొక్కటీ అయితే మొదటిది 4 సెకన్లకి, మొత్తం 23కి. ఎడం చేతి వాటం వల్ల మీ గదిలో అంకెలు ఇంకా పెద్దవి వస్తాయి, వరస మాత్రం మారదు. చేతుల వేగం అదే, మనుషులూ వాళ్లే. "ఏటి సార్ ఇది, ఒక్కోటీ ఇస్తే బేగి అయిపోనాది!" అని ఎవరో ఒకరు అంటారు. ఆ మాట మీరు ముందే చెప్పేసి ఆట చెడగొట్టకండి.

ఇక్కడే ఒక భాగహారం కూడా వేయించండి. చేతిలో ఉన్న పనుల్ని వారానికి పూర్తయ్యే పనులతో భాగిస్తే, ఒక పనికి సగటున పట్టే వారాలు వస్తాయి. జాన్ లిటిల్ 1961లో రుజువు చేసిన సూత్రం ఇది. క్యాలెండర్ వెనక రాసిన ఆ పదిహేడు పనులనే తీసుకోండి. వారానికి నాలుగు పూర్తవుతుంటే, ఒక్కో పనికీ నాలుగు వారాల పైమాటే. మేనేజర్లకి ఈ ఒక్క లెక్కా చాలు.

3. ఒక్క షీటు మీద మొత్తం స్క్రమ్

ఇప్పుడు మీరు మార్కర్ పట్టుకోవచ్చు, కానీ మీరు ఒక గీత గీస్తే వాళ్లు తమ కాగితం మీద ఒక గీత గియ్యాలి. ఎడమ చివర చీటీల పెద్ద దొంతర, అది ప్రొడక్ట్ బ్యాక్‌లాగ్. పక్కన చిన్న దొంతర, స్ప్రింట్ బ్యాక్‌లాగ్. మధ్యలో పెద్ద సున్నా, దాని మీద "2 వారాలు". ఆ సున్నా భుజం మీద చిన్న సున్నా, "రోజూ 15 నిమిషాలు". కుడి చివర ఒక పెట్టె, అది ఇంక్రిమెంట్, అంటే వాడుకోవడానికి పనికొచ్చే సరుకు. పెట్టెకి అవతల ఒక మనిషి బొమ్మ, అది వాడేవాడు. ఈ చివరి బొమ్మ సంగతి గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తాను.

మనుషుల దగ్గర తికమక తప్పదు. మాస్టర్ అనగానే మన దగ్గర మేస్త్రీ గుర్తొస్తాడు, గొడుగేసుకుని నిలబడి పని చేయించేవాడు. అందుకే స్క్రమ్ మాస్టర్ బొమ్మని దారిలో రాళ్లు తీసేవాడిలా గీయిస్తాను. ప్రొడక్ట్ ఓనర్‌ని దొంతర పక్కన నిలబెట్టి, చెయ్యి పైచీటీ మీద పెట్టించండి. ఏది ముందు అన్నది ఆ ఒక్క చేతిదే.

ఈ దశలో ఒక ప్రశ్న ఖాయంగా వస్తుంది: "రోజూ మీటింగులే అయితే పనెప్పుడు సార్?" నోటితో జవాబు చెప్పొద్దు. గ్రాఫ్ కాగితం ఇచ్చి 160 గళ్లు గీయమనండి. నెలకి 20 పనిదినాలు, రోజుకి 8 గంటలు. నెల రోజుల స్ప్రింటుకి గైడ్ పెట్టిన గరిష్ఠ హద్దులు: ప్లానింగ్ 8 గంటలు, రివ్యూ 4, రెట్రో 3. రోజుకి పావుగంట చొప్పున ఇరవై రోజులకి 5 గంటలు. రంగు వెయ్యమంటే 20 గళ్లు నిండుతాయి, 140 తెల్లగా ఉంటాయి. హద్దు దాకా వెళ్లినా ఎనిమిదో వంతే. ఇప్పుడు వాళ్ల పాత నెలలో మీటింగులకి పోయిన గంటలు ఇంకో రంగుతో నింపమనండి. నేను చూసిన కాగితాల్లో ఆ రంగు ఇరవై దగ్గర ఆగలేదు.

4. సిరిమాను రోజు మజ్జిగ పందిరి

సొంత ప్రాజెక్టు మీద చెయ్యి పెట్టేముందు ఒక తేలికపాటి పని మీద సాధన చేయించాలి. విజయనగరంలో నాకు దొరికిన ఉదాహరణకి సాటి లేదు. దసరా తర్వాత వచ్చే మంగళవారం పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం. సిరిమాను, అంటే పూజారి కూర్చున్న పొడవాటి చెట్టు మాను, గుడి నుంచి కోట దాకా మూడుసార్లు తిరుగుతుంది. ఆ దారిలో జనానికి మజ్జిగ పొయ్యడానికి పందిరి వెయ్యాలి, పనులన్నీ చీటీల మీద రాయండి అంటాను. గడువు వెనక్కి జరగదని విజయనగరం వాళ్లకి ఎవరూ చెప్పక్కర్లేదు. తేదీ కదలదు కాబట్టి, కదిలించగలిగింది పనుల జాబితాని మాత్రమే. స్ప్రింటు అంటే ఏమిటో అక్కడే పట్టుబడుతుంది. ఫ్లెక్సీ, సౌండ్ బాక్సు చీటీలు మెల్లగా కిందికి జారిపోతాయి. పెరుగు, నీళ్లు, గ్లాసులు పైకొస్తాయి.

పని సైజు చెప్పడానికి అంకెల పేకముక్కలు వాడే పద్ధతిని 2002లో జేమ్స్ గ్రెనింగ్ రాశారు. అందరూ ఒకేసారి ముక్క తిప్పుతారు, పెద్దవాళ్ల మాట విని చిన్నవాళ్లు మార్చుకునే వీలుండదు. పద్ధతి నాకిష్టమే, అంకెలే నాకు పడవు. 5 అనగానే మనవాళ్లు ఐదు గంటలనో ఐదు రోజులనో అనేసుకుంటారు. అందుకని పళ్ల బొమ్మలు గీయిస్తాను: ఉసిరికాయ, జామకాయ, కొబ్బరికాయ, పనసకాయ. ఎవరి ముక్కలు వాళ్లే గీసుకోవాలి. పనసకాయ వచ్చిందంటే చేతికి నూనె రాసుకుని కోయాల్సిందే, అంత పెద్ద పనిని ముక్కలు చెయ్యకుండా స్ప్రింటులోకి రానివ్వకూడదు. ఒకరు జామకాయ, ఇంకొకరు పనసకాయ చూపిస్తే సంబరపడండి. వాళ్లిద్దరూ ఒకే చీటీని రెండు వేర్వేరు పనులుగా అర్థం చేసుకున్నారన్నమాట, ఆ సంగతి ఇవాళే బయటపడింది.

5. బోర్డు, దాని మీద ఒక్క మాట కోసం పోట్లాట

ఇప్పుడు అసలు ప్రాజెక్టు. గడుల పేర్లు వాళ్లు రోజూ మాట్లాడే మాటల్లోనే ఉండాలి. ఒక టీమ్ "చెయ్యాలి, చేస్తన్నాం, సూడాలి, అయిపోనాది" అని రాసుకుంది. నేను దిద్దలేదు.

మీ ఓపికంతా చివరి గడికి దాచుకోండి. మన భాషలో ఉన్న సుఖమో కష్టమో గానీ, "అయిపోయింది" పక్కనే "అయిపోయినట్టే", "అయిపోవచ్చింది", "అయిపోతది లెండి" కూడా ఉన్నాయి. పైవాళ్లు అడిగినప్పుడు ఈ నాలుగూ ఒకటే. టెస్టింగ్ చేసే అమ్మాయికి మాత్రం ఈ నాలుగూ నాలుగు శనివారాలు. నేను చేసేది ఇది: నాలుగు మాటల్నీ నాలుగు చీటీల మీద రాసి వరసగా అంటించి, నిన్న అయిపోయిందన్న ఒక పనిని వీటిలో ఏ చీటీ కింద పెడతారో అడుగుతాను. రిపోర్టు డౌన్‌లోడ్ చేసే బటన్ అని ఒకసారి ఒక పని వచ్చింది. రాసినవాడు "అయిపోయింది" కింద పెట్టాడు. వాడి లాప్‌టాప్‌లో నడుస్తోంది. పక్కమ్మాయి తన ఫోన్లో నొక్కి చూపించింది, రిపోర్టులో తెలుగు అక్షరాల బదులు గళ్లు వచ్చాయి. చీటీ ఒక మెట్టు దిగింది. అసలు సర్వర్‌లో పెట్టారా అని ఇంకొకరు అడిగారు. ఇంకో మెట్టు.

ఆ చీటీ దిగిన ప్రతి మెట్టుకీ ఒక వాక్యం రాయించండి. "వేరేవాళ్లు చదివి చూశారు." "ఫోన్లో తెలుగు సరిగ్గా కనబడుతోంది." "సర్వర్‌లో ఉంది." ఈ వాక్యాల కాగితాన్ని చివరి గడి నెత్తిన అంటించండి. స్క్రమ్‌లో డెఫినిషన్ ఆఫ్ డన్ అనేది ఇదే. తయారుగా రాసిచ్చిన జాబితాని ఎవరూ చదవరు. పోట్లాడి రాసుకున్నదాన్ని మర్చిపోలేరు. పలాస అబ్బాయి దీనికి కూడా ఒక మాటన్నాడు (జీడిపప్పులో గుండంటే నిండు పప్పు, బద్దంటే రెండుగా చీలింది): "గుండు గుండే సార్, బద్ద బద్దే. బద్దని తీసుకెళ్లి గుండులో కలిపితే కొనేవాడు ఊరుకోడు కదా."

మధ్య గడికి హద్దు పెట్టడానికి "ఒకేసారి మూడే" అని రాయొద్దు, ఎవరూ పట్టించుకోరు. ఆ గడిలో చీటీ పట్టేంత పెట్టెలు మూడే గీయండి. నాలుగో చీటీకి చోటుండదు. చేతిలో చీటీ పట్టుకుని గోడ ముందు తెల్లమొహం వేసుకు నిలబడినప్పుడు హద్దు అంటే ఏమిటో దానంతటదే అర్థమవుతుంది.

ఇక ఆగిపోయిన పనులకి గుర్తు. తుఫాను వస్తుంటే కళింగపట్నం, భీమునిపట్నం ఓడరేవుల్లో ఒకటో నంబరు, మూడో నంబరు అని హెచ్చరిక ఎగరేస్తారు. వేటకెళ్లేవాళ్లకి ఉపన్యాసం అక్కర్లేదు, అంకె చాలు. అదే పద్ధతి ఇక్కడా. పని కదలని ప్రతి రోజూ ఆ చీటీ మీద ఒక ఎర్ర చుక్క. మూడు చుక్కలు పడ్డాయంటే మిగతా పనులు పక్కనపెట్టి అందరూ దాని చుట్టూ చేరాలి.

6. రోజూ పావుగంట

గోడ ముందే, కుర్చీల్లేకుండా. మాటలు మనుషుల పేర్లతో కాక చీటీల నంబర్లతో నడవాలి, అదీ కుడి నుంచి ఎడమకి. పూర్తవడానికి దగ్గర్లో ఉన్నదాన్ని ముందు గట్టెక్కించాలి కదా. నిన్నేం చేశావు, ఇవాళేం చేస్తావు, అడ్డేమిటి అనే మూడు ప్రశ్నల్ని 2020 గైడ్ తీసేసింది. నాకైతే సంతోషమే. ఆ ప్రశ్నలు వెయ్యగానే మన పిల్లలు హెడ్మాస్టారి ముందు హాజరు చెప్పినట్టు సార్ వైపు తిరిగి అప్పజెబుతారు. సార్‌ని వెనక నిలబెట్టండి.

బర్న్‌డౌన్ గీత గురించి రెండు మాటలు చాలు. గ్రాఫ్ కాగితం మీద మిగిలిన చీటీల సంఖ్యకి రోజుకొక చుక్క పెట్టి కలపండి, రోజుకొకరు గీయాలి. గీత ఏడెనిమిది రోజులు బల్లపరుపుగా ఉండి చివర్లో కొండచరియలా విరిగిపడితే, చీటీల్లో పనసకాయలు చొరబడ్డాయని అర్థం.

7. రెట్రోకి పడవ బొమ్మ

సముద్రం మీద పడవ, తెరచాపకి గాలి, కింద లంగరు, ముందు రాళ్లు. తోసేవేమిటి, పట్టి ఆపేవేమిటి, రాబోయే గండాలేమిటి? పడవని ఎవరు గీసినా ఫరవాలేదు, మా వైపు అందరికీ వచ్చు. చిక్కంతా మాట్లాడించడంలోనే. పెద్ద సార్ గదిలో ఉంటే జూనియర్లు నోరు విప్పరు. పేర్లు లేకుండా చీటీలు రాయిస్తే తీరిపోతుందనుకున్నాను. ఒక చోట చీటీ చదువుతూనే మేనేజర్, "ఈ 'ళ' ఎవరిదో నాకు తెలుసులే" అని నవ్వాడు. ఆ రోజు ఇక ఒక్క చీటీ రాలేదు. ఇప్పుడైతే అందరివీ పోగుచేసి, బయటి మనిషిగా నేనే నా చేత్తో తిరగరాసి అంటిస్తాను. లంగర్లలోంచి ఒక్కటే ఎంచి, వచ్చే స్ప్రింటు బోర్డు మీద దాన్ని కూడా ఒక చీటీగా పెట్టించండి. ఐదు ఎంచితే ఒక్కటీ జరగదు.

జిరా, ట్రెల్లో లాంటి కంప్యూటర్ బోర్డులు ఎప్పుడంటారా? రెండు మూడు స్ప్రింట్లు గోడ మీద నడిచాక. సగం టీమ్ విశాఖలోనో హైదరాబాదులోనో ఉంటే తప్పదు, మొదటి రోజు నుంచే ట్రెల్లో పెట్టుకోండి. అయితే గడుల పేర్లు, చుక్కలు, చివరి గడి నెత్తి మీది వాక్యాలు గోడ మీద పోట్లాడి తేల్చుకున్నవే అక్కడికి ఎక్కించండి.

8. తెల్ల కాగితం పరీక్ష

రెండు వారాలయ్యాక మళ్లీ వెళ్లండి. బోర్డుకి దుప్పటి కప్పేసి, మనిషికో తెల్ల కాగితం ఇచ్చి, పది నిమిషాల్లో మొత్తం స్క్రమ్ గీయమనండి. మార్కులు వెయ్యొద్దు, కాగితాలన్నీ నేల మీద పరిచి ఏ బొమ్మ ఎన్నింటిలో లేదో లెక్కపెట్టండి. దొంతర్లు, సున్నాలు అందరివీ బాగానే ఉంటాయి. నేను పెట్టిన పరీక్షల్లో ఎక్కువసార్లు కనబడకుండా పోయేది పెట్టె అవతలి మనిషి, ఆ వాడేవాడు. శ్రీకాకుళం టీమ్‌లో ఏడు కాగితాల్లో రెండింటిలోనే ఉన్నాడు. రివ్యూకి అసలు వాడేవాళ్లని పిలిచారా అని అడిగితే, "మనలో మనమే చూసేసుకున్నాం సార్" అన్నారు. వచ్చే రివ్యూకి ఎవర్ని పిలవాలో అక్కడే ఒక చీటీ రాసి, "చెయ్యాలి" గడిలో అన్నిటికంటే పైన గుచ్చాం.